కొలతకు ఒదిగిన అక్షరాలు: పోదన నుంచి ఇందూరు దాకా పద్యంలోని గణితం

ఇన్ని అక్షరాలే ఉండాలి, వాటిలో ఫలానా అక్షరం తప్పక రావాలి అన్న రెండు నియమాలు పెట్టి, వాటికి లోబడే మాటలు ఎన్ని ఉంటాయని అడగడం చూడడానికి పొద్దుపోక ఆడే ఆటలా కనిపించినా, ఆ ప్రశ్న సంయోజన గణితంలోని మౌలిక ప్రశ్నల్లో ఒకటి. వస్తువులను ఎన్ని విధాలుగా ఎంచి, ఎన్ని వరసల్లో అమర్చవచ్చునో ఒక్కొక్కటిగా పేర్చి చూడకుండానే లెక్కగట్టే శాస్త్రశాఖకు సంయోజన గణితమని పేరు. ఇంగ్లీషు వర్ణమాలలో 26 అక్షరాలున్నాయి కాబట్టి, అయిదు గళ్ళలో ఒక్కొక్క అక్షరం చొప్పున నింపితే 26ను అయిదుసార్లు గుణించగా వచ్చే 1,18,81,376 కూర్పులు సాధ్యమవుతాయి. వీటిలో ఏదో ఒక గడిలో 'జెడ్' ఉన్నవి ఎన్ని అన్నది తేల్చడానికి నేరుగా లెక్కపెట్టడం కంటే, ఆ అక్షరం బొత్తిగా లేని కూర్పులను మొత్తం నుంచి తీసివేయడం సులభం. మిగిలిన 25 అక్షరాలతో 97,65,625 కూర్పులు ఏర్పడతాయి గనుక, 'జెడ్' ఉన్నవి 21,15,751 అని తేలుతుంది. అదే అక్షరం కచ్చితంగా రెండో గడిలోనే ఉండాలంటే, తక్కిన నాలుగు గళ్ళకు మాత్రమే స్వేచ్ఛ మిగిలి, ఆ సంఖ్య 4,56,976కు పడిపోతుంది. అక్షరం ఎక్కడైనా ఉండవచ్చునన్న నియమానికీ, ఇక్కడే ఉండాలన్న నియమానికీ మధ్య నాలుగున్నర రెట్లకు పైగా తేడా ఉన్నదన్న సంగతి ఈ అధ్యాయంలో మున్ముందు అక్కరకు వస్తుంది.

ఇన్ని లక్షల కూర్పుల్లో భాష స్వీకరించేవి చాలా కొద్ది. ఇంగ్లీషులో 'షుగర్' అన్న మాటకు అయిదు వేర్వేరు అక్షరాలున్నాయి, వాటిని 120 వరసల్లో అమర్చవచ్చు. కాని వాటిలో నిఘంటువుకెక్కినవి షుగర్, ఆర్గస్, అడవిదున్నలను చెప్పే గౌర్స్, గోరుచిక్కుడు రకాలను చెప్పే గ్వార్స్ వంటి వేళ్ళమీద లెక్కించదగిన మాటలే. 2021లో జనంలోకి వచ్చి, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనుగోలు చేసిన 'వర్డల్' అనే అయిదక్షరాల ఆట తొలినాళ్ళలో అంగీకరించిన మాటలు సుమారు 13 వేలు. అంటే ఇంచుమించు 900 కూర్పులకు ఒకటి మాత్రమే మాటగా చెల్లుతున్నదన్నమాట. ఇంతగా జల్లెడ పడుతుంది కాబట్టే, ఒకటి రెండు అక్షరాలు తెలిస్తే తక్కినవాటిని ఊహించడం ఆటగాడికి సాధ్యమవుతుంది.

తెలుగువారు ఇటువంటి ప్రశ్నను విడిమాటకు కాక పద్యపాదానికి వేసుకున్నారు. ఇంత కొలతగల పాదంలో, ఈ స్థానంలో ఈ అక్షరమో దాని మిత్రాక్షరమో ఉండాలన్న నియమాలతో వెయ్యేళ్ళుగా రచన సాగిస్తున్నారు. ఆ నియమాలు ఎన్ని కూర్పులను మిగులుస్తాయి, అంత కట్టుదిట్టం వల్ల భాషకు ఒనగూడిన మేలేమిటి అన్న రెండు విషయాలను పరిశీలించడానికి బోధన్, నిజామాబాద్ ప్రాంతాలకు మించిన నేల అరుదు. ఎందుకంటే తెలుగు కందపద్యపు తొలి శిలాసాక్ష్యం ఈ ప్రాంతంతో ముడిపడిన రాజవంశపు కాలానిది, ఆధునిక తెలంగాణలో అందరికీ తెలిసిన ఒక తేటగీతి పద్యం నిజామాబాద్‌లోని ఇందూరు జైలు గోడతో ముడిపడినది.

గురువు, లఘువు

ఇంగ్లీషు ఆటల్లో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వర్ణం కూర్చుంటుంది. తెలుగు పత్రికల గళ్ళ నుడికట్టులో మాత్రం అచ్చును కలుపుకొన్న పూర్తి అక్షరమే, ఒత్తులతో సహా, ఒక గడిని ఆక్రమిస్తుంది. 'షుగర్' ఇంగ్లీషు లిపిలో అయిదు గళ్ళు కోరితే, 'చక్కెర' తెలుగు లిపిలో మూడు గళ్ళతో సరిపెట్టుకుంటుంది. ఛందస్సు కూడా ఈ అక్షరాన్నే ప్రమాణంగా తీసుకొని, దానిని పలకడానికి పట్టే కాలాన్నిబట్టి రెండు తరగతులు చేసింది. ఒక మాత్ర కాలంలో, అంటే రెప్పపాటు కాలంలో, పలికే హ్రస్వాక్షరం లఘువు. రెండు మాత్రల కాలం పట్టేది గురువు. దీర్ఘాక్షరమూ, ఐత్వ ఔత్వాలు గల అక్షరమూ, సున్నతోనో విసర్గతోనో పొల్లుతోనో కూడిన అక్షరమూ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరమూ గురువులవుతాయి. ఈ సూత్రం ప్రకారం 'చక్కెర'లో మొదటి అక్షరం తరువాతి ఒత్తువల్ల గురువై, మిగిలిన రెండూ లఘువులై, ఆ మాట గురువు, లఘువు, లఘువు అన్న ఆకృతిని పొందుతుంది.

అక్షరానికి రెండే స్థితులున్నాయి కాబట్టి మూడక్షరాల మాటకు రెండును మూడుసార్లు గుణించగా వచ్చే ఎనిమిది ఆకృతులే సాధ్యం. క్రీస్తుపూర్వపు ఛందశ్శాస్త్రకర్త పింగళుడు ఆ ఎనిమిదింటికీ మ, య, ర, స, త, జ, భ, న అన్న గుర్తులు పెట్టాడు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని పొలాలకు మళ్ళించాక, 1937లో బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నాక, ఈ సీమ పలుకుబడిలో నిత్యం వినిపించే మాటలతోనే ఆ ఎనిమిది గణాలనూ చూపవచ్చు. మూడూ గురువులైన 'బోధన్‌లో' మగణం, మొదటిది మాత్రమే లఘువైన 'పొలాల్లో' యగణం, నడుమ లఘువున్న 'కాలువే' రగణం, చివర గురువున్న 'చెరలో' సగణం, చివర లఘువున్న 'ఇందూరు' తగణం, నడుమ గురువున్న 'నిజాము' జగణం, మొదట గురువున్న 'చక్కెర' భగణం, మూడూ లఘువులైన 'చెరకు' నగణం.

ఈ వరస యాదృచ్ఛికం కాదు. గురువుకు సున్న, లఘువుకు ఒకటి అని గుర్తుపెట్టి, మొదటి అక్షరానికి 1, రెండో దానికి 2, మూడో దానికి 4 అని విలువలిచ్చి, లఘువులున్న స్థానాల విలువలను కూడి ఒకటి కలిపితే, ఆ గణపు వరుససంఖ్య వస్తుంది. 'నిజాము'లో మొదటి, మూడో అక్షరాలు లఘువులు కాబట్టి 1, 4 కూడి ఒకటి కలపగా ఆరు వస్తుంది, జగణం ఆరవదే. ఆకృతులన్నిటినీ క్రమం తప్పకుండా వ్రాసే పద్ధతిని ప్రస్తారమనీ, ఆకృతి ఇస్తే దాని సంఖ్యను కనుగొనడాన్ని ఉద్దిష్టమనీ, సంఖ్య ఇస్తే ఆకృతిని రాబట్టడాన్ని నష్టమనీ ఛందోగ్రంథాలు పిలిచాయి. నేటి కంప్యూటర్లు సున్న, ఒకట్లతో సంఖ్యలను నిలువ చేసే ద్విసంఖ్యామానంలోని అంతస్సూత్రమే ఇందులోనూ ఉన్నది.

పాదం పొడవు పెరిగినా సూత్రం మారదు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు. 21 అక్షరాల పాదానికి సాధ్యమయ్యే ఆకృతులు 20,97,152. న, జ, భ, జ, జ, జ, ర గణాలతో ఏర్పడే చంపకమాలకు పై పద్ధతిలో సంఖ్య కడితే 7,11,600 వస్తుంది. 20 అక్షరాల ఉత్పలమాలకు అదే విధంగా 3,55,799 వస్తుంది. తెలుగు ఛందోగ్రంథాలు ఈ రెండు వృత్తాలకూ చెప్పే సంఖ్యలు సరిగ్గా ఇవే. ఇరవై లక్షల పైచిలుకు ఆకృతుల్లో ఒకేఒక్కదాన్ని ఎంచి, దానికి చిరునామా వంటి సంఖ్యను కేటాయించి, ఆ ఒక్క ఆకృతిలోనే శతాబ్దాలపాటు కావ్యరచన చేయడం అక్షరనియమానికి ఒక కొస. మరొక కొసన, నియమం లోపలనే కవికి విశాలమైన ఎంపికను మిగిల్చే దేశి, జాతి పద్యాలున్నాయి.

నాలుగు మాత్రల్లో అయిదు దారులు

అక్షరాల సంఖ్యను కాక మొత్తం మాత్రల సంఖ్యను స్థిరపరచినప్పుడు లెక్క మరో రూపం తీసుకుంటుంది. నాలుగు మాత్రల గణాన్ని ఎన్ని విధాలుగా కట్టవచ్చునన్న ప్రశ్నకు జవాబు అయిదు: రెండు గురువుల 'బోధన్', భగణమైన 'చక్కెర', జగణమైన 'నిజాము', సగణమైన 'చెరలో', నాలుగు లఘువుల 'చెరకును'. అయిదే ఎందుకన్నది గణం చివరి అక్షరాన్ని చూస్తే తెలుస్తుంది. చివర లఘువుంటే దానికి ముందు మూడు మాత్రలుండాలి, మూడు మాత్రలకు మూడు రూపాలున్నాయి. చివర గురువుంటే ముందు రెండు మాత్రలుండాలి, రెండు మాత్రలకు రెండు రూపాలున్నాయి. మూడూ రెండూ కలిసి అయిదు. ఇదే తర్కాన్ని కొనసాగిస్తే అయిదు మాత్రలకు ఎనిమిది, ఆరింటికి పదమూడు, ఏడింటికి ఇరవైఒకటి రూపాలు వస్తాయి, ప్రతి సంఖ్యా తన ముందున్న రెంటి మొత్తమే అవుతుంది. ప్రపంచం ఈ వరసను ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ పేరుతో ఎరుగును, అతని గ్రంథం 1202 నాటిది. కాని మాత్రాఛందస్సులను లెక్కించే సందర్భంలో విరహాంకుడు అంతకు కొన్ని శతాబ్దాల ముందూ, హేమచంద్రుడు 1150 ప్రాంతంలోనూ ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పారు.

పోదన వెలుగులో కందం

నేటి బోధన్‌ను ప్రాచీన అశ్మక జనపదపు రాజధాని పోదనగా చరిత్రకారులు గుర్తించారు. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్య శాఖ ఒకటి తొలిదశలో బోధన్ ప్రాంతం నుంచి పాలించి, తరువాత వేములవాడను రాజధానిగా చేసుకొన్నది. ఆ వంశంలోని రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న పంపకవి 941 ప్రాంతంలో కన్నడంలో విక్రమార్జున విజయాన్ని రచించి ఆదికవిగా ప్రసిద్ధి పొందాడు. అతని తమ్ముడు జినవల్లభుడు నేటి కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్టపై 945 ప్రాంతంలో సంస్కృతం, కన్నడం, తెలుగు భాషల్లో చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ భారతానికి సుమారు నూరేళ్ళ ముందే తెలుగు కందం ఇంత తీర్చిదిద్దిన రూపంలో రాతిపై నిలిచిందన్న విషయం తెలుగు సాహిత్య చరిత్రలో అమూల్యమైనది. పింగళుని సూత్రాలకు వ్యాఖ్య వ్రాసి, ప్రస్తారసంఖ్యలను త్రికోణంగా పేర్చే మేరుప్రస్తారాన్ని వివరించిన హలాయుధుడు కూడా అదే పదో శతాబ్దం వాడు. యూరప్‌లో ఆ త్రికోణం పదిహేడో శతాబ్దపు పాస్కల్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. మల్లియ రేచన పేరుతో లభిస్తున్న కవిజనాశ్రయం తెలుగులో తొలి ఛందోగ్రంథంగా పరిగణన పొందుతున్నది.

ప్రాకృతంలోని స్కంధకం నుంచి వచ్చినదని ఛందోవేత్తలు చెప్పే కందంలో నాలుగు పాదాలుంటాయి. ఒకటి, మూడు పాదాలకు మూడేసి గణాలూ, రెండు, నాలుగు పాదాలకు అయిదేసి గణాలూ ఉండగా, గణాలన్నీ పైన చెప్పిన నాలుగు మాత్రల గణాలే. రెండేసి పాదాలు కలిసిన అర్ధభాగంలోని ఎనిమిది గణాల్లో బేసి గణాలు జగణం కాకూడదు, ఆరో గణం జగణమో నాలుగు లఘువుల గణమో కావాలి, ఎనిమిదో గణం చివర గురువుండాలి. మొదటి పాదం గురువుతో మొదలైతే అన్ని పాదాలూ గురువుతోనూ, లఘువుతో మొదలైతే అన్నీ లఘువుతోనూ మొదలు కావాలి.

ఈ నియమాలకు లోబడే ఆకృతులను లెక్కించడానికి గణాలను ఒక్కొక్కటిగా తీసుకొంటే చాలు. పాదాలు గురువుతో మొదలయ్యే పక్షంలో అర్ధభాగంలోని మొదటి గణానికి రెండు, రెండో దానికి అయిదు, మూడో దానికి నాలుగు, రెండో పాదాన్ని మొదలుపెట్టే నాలుగో గణానికి రెండు, అయిదో దానికి నాలుగు, ఆరో దానికి రెండు, ఏడో దానికి నాలుగు, ఎనిమిదో దానికి రెండు అవకాశాలుంటాయి. వీటి లబ్ధం 5,120. లఘువుతో మొదలయ్యే పక్షంలో నాలుగో గణానికి మూడు అవకాశాలుండి, మిగిలినవన్నీ అంతే ఉండడంవల్ల లబ్ధం 7,680 అవుతుంది. పద్యంలో రెండు అర్ధభాగాలుంటాయి కనుక ఈ రెండు సంఖ్యలనూ వర్గం చేసి కూడితే, కందపద్యానికి సాధ్యమయ్యే గురులఘు ఆకృతులు 8,51,96,800 అని తేలుతుంది.

ఎనిమిదిన్నర కోట్లు పెద్ద సంఖ్యే అయినా, దాని వెనుక విడిచిపెట్టిన సంఖ్యను చూస్తేగాని నియమం బలం అర్థం కాదు. గణనియమాలేవీ లేకుండా 12, 20, 12, 20 మాత్రల పాదాలను మాత్రమే కోరితే, పన్నెండు మాత్రలకు 233, ఇరవై మాత్రలకు 10,946 రూపాలుంటాయి కాబట్టి, పద్యానికి సుమారు ఆరున్నర లక్షల కోట్ల ఆకృతులు వస్తాయి. వాటిలో కందంగా చెల్లేవి దాదాపు 76 వేలకు ఒకటి. జినవల్లభుని పద్యాలు ఈ సన్నని జల్లెడ గుండా వచ్చినవి.

స్థానం తప్పని అక్షరాలు

గణాలు కుదిరినంత మాత్రాన కందం పూర్తికాదు, అందులో నిర్ణీత స్థానాల్లో నిర్ణీత అక్షరాలుండాలి. ప్రతి పాదంలోని రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలన్నది ప్రాసనియమం. అది జంటహల్లయితే అన్ని పాదాల్లోనూ ఆ జంటే రావాలి, దానికి ముందు సున్న ఉంటే అన్ని పాదాల్లోనూ సున్న ఉండాలి, అచ్చు మాత్రం మారవచ్చు. మొదటి పాదంలో కవి స్వేచ్ఛగా ఎంచుకొన్న హల్లు మిగిలిన మూడు పాదాలనూ కట్టివేస్తుంది. సులభంగా ఊహించడానికి, రెండో స్థానంలో రాదగిన హల్లులూ జంటలూ 30 మాత్రమే ఉండి, అన్నీ సమానంగా వస్తాయని అనుకొన్నా, ప్రాస యాదృచ్ఛికంగా కుదిరే అవకాశం 27,000లో ఒకటి. అధ్యాయం మొదట్లో అయిదక్షరాల మాటలో రెండో గడి విషయంలో చూసిన తేడాయే ఇక్కడ మూడు పాదాలపై ఒకేసారి పనిచేస్తున్నది.

యతినియమం ఇంతకంటె సూక్ష్మమైనది. కందంలో రెండు, నాలుగు పాదాల మొదటి అక్షరానికీ, అదే పాదంలోని నాలుగో గణపు మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి. మైత్రి అంటే అదే అక్షరం మళ్ళీ రావడం మాత్రమే కాదు. క, ఖ, గ, ఘలు ఒక వర్గం, త, థ, ద, ధలు ఒక వర్గం, ప, ఫ, బ, భలతో వ చేరి ఒక వర్గం, చ, ఛ, జ, ఝలతో శ, ష, సలు చేరి మరో వర్గం. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔలు ఒకటిగా, ఇ, ఈ, ఎ, ఏలు ఒకటిగా, ఉ, ఊ, ఒ, ఓలు ఒకటిగా జత కడతాయి. హల్లులను ముఖ్యంగా అవి నోట్లో పుట్టే స్థానాన్నిబట్టీ, అచ్చులను వాటి ధ్వని సామీప్యాన్నిబట్టీ జతపరచిన ఈ పట్టిక ఛందోనియమమే కాక నిశితమైన ధ్వనిశాస్త్ర పరిశీలన కూడా. ఇంగ్లీషు మాటల ఆటల్లో అక్షరం ఒకటి కావడమో కాకపోవడమో తప్ప మూడో స్థితి లేదు. యతిలో మాత్రం చెవి ఒప్పుకొనే సమీపధ్వనులకు కూడా చోటుంటుంది.

జైలు గోడపై తేటగీతి

నిజాం పాలన చివరి దశలో రాజకీయ ఖైదీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్యులను నిజామాబాద్‌లోని ఇందూరు ఖిల్లా జైలులో నిర్బంధించారు, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు సహఖైదీ. దాశరథి ఆ జైలు గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాశాడు. నిజామును నిలదీసి, తెలంగాణను వీణగా భావించిన ప్రసిద్ధ పద్యం అక్కడిదేనని లోకం చెప్పుకొంటుంది. ఆ పద్యపు ఛందస్సు తేటగీతి.

తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు ఉంటాయి. 'చెరకు' వంటి నగణమూ, 'తోట' వంటి గురులఘువుల హగణమూ అన్న రెండే సూర్యగణాలు. భ, ర, త గణాలూ, నాలుగు లఘువులదీ, మూడు లఘువుల తరువాత గురువున్నదీ, సగణం తరువాత లఘువున్నదీ అన్న ఆరు ఇంద్రగణాలు. పాదానికి రెండు, ఆరు, ఆరు, రెండు, రెండు అవకాశాలు గుణించగా 288 ఆకృతులు. నాలుగు పాదాలకు 687 కోట్ల 97 లక్షల 7 వేల 136. వేమన పద్యాల ద్వారా ఇంటింటికీ చేరిన ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ, సరి పాదాలకు అయిదు సూర్యగణాలూ ఉంటాయి. దాని ఆకృతుల సంఖ్య 8,49,34,656. కందానికి వచ్చిన 8,51,96,800తో పోల్చినప్పుడు, పూర్తిగా భిన్నమైన సూత్రాలతో ఏర్పడిన రెండు పద్యజాతులు ఇంచుమించు ఒకే సంఖ్య దగ్గర నిలవడం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది.

ఈ లెక్కలు సరైనవి కావాలంటే ఒక షరతు తీరాలి: ఒకే గురులఘు వరసను రెండు విధాలుగా గణాలు చేసే వీలు ఉండకూడదు. ఇంద్రగణాల్లో కొన్ని మూడక్షరాలవి, కొన్ని నాలుగక్షరాలవి అయినందున ఆ సందేహం కలగడం సహజం. కాని ఆరు ఇంద్రగణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మూడక్షరాలవన్నీ గురువుతోనూ నాలుగక్షరాలవన్నీ లఘువుతోనూ మొదలవుతాయనీ, ఏ గణమూ మరో గణానికి తొలిభాగం కాదనీ తెలుస్తుంది. సూర్యగణాలూ అంతే. అందువల్ల వినేవాడు మొదటినుంచి అక్షరాలు లెక్కిస్తూ పోతే, విరామచిహ్నాల అవసరం లేకుండా, గణం ముగిసిన క్షణంలోనే అది ముగిసిందని చెప్పగలడు. సమాచార సిద్ధాంతంలో ఈ గుణంగల సంకేతాలకు ప్రత్యేక స్థానమున్నది. డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించిన, నేటికీ కంప్యూటర్ ఫైళ్ళను కుదించడానికి వాడుతున్న సంకేతపద్ధతి ఈ గుణం మీదనే ఆధారపడినది.

నియమం చేసే కాపలా

ఇంత కట్టుదిట్టం దేనికన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇదే సమాచార సిద్ధాంతంలో దొరుకుతుంది. 1948లో ప్రకటించిన ప్రసిద్ధ పత్రంలో క్లాడ్ షానన్ రిడండెన్సీ అన్న భావనను సంఖ్యతో నిర్వచించాడు. సందేశంలో వినకముందే నియమాలనుబట్టి ఊహించగల భాగమే రిడండెన్సీ. గళ్ళ నుడికట్టును ఆయన ఆ పత్రంలోనే ప్రస్తావించాడు. భాషలో ఊహించగల భాగం బొత్తిగా లేకుంటే ఏ అక్షరాలు పేర్చినా మాటే అవుతుంది, నియమాలు మరీ ఎక్కువైతే అడ్డం, నిలువు మాటలు కలిసే పెద్ద నుడికట్టు కట్టడం సాధ్యం కాదు. ఊహించగల ఆ భాగమే సందేశం మార్గమధ్యంలో చెడినప్పుడు దాన్ని గుర్తించడానికి ఆధారమవుతుంది.

ఈ సంగతిని పరీక్షించడానికి 'చెరకు తోటల గాలికి చెలిమి చేసి' అన్న తేటగీతి పాదాన్ని ఈ అధ్యాయం కోసమే కట్టి చూడవచ్చు. చెరకు, తోటల, గాలికి, చెలిమి, చేసి అన్నవి వరసగా న, భ, భ, న, హ గణాలు. మొదటి అక్షరమూ నాలుగో గణపు మొదటి అక్షరమూ 'చె' కావడంవల్ల యతి కుదిరింది. వ్రాయసకాడు పొరపాటున 'తోటల'కు బదులు 'తోట' అని వ్రాశాడనుకొంటే, గణాలు జరిగి, నాలుగో స్థానంలో లఘువు తరువాత గురువు వచ్చి, అది ఏ సూర్యగణమూ కాకపోవడంతో తప్పు వెంటనే బయటపడుతుంది. 'చెలిమి'కి బదులు 'కలిమి' అని వ్రాస్తే గణాలు చెడవు గాని, 'చె'కూ 'క'కూ మైత్రి లేదు కనుక యతి ఆ తప్పును పట్టుకుంటుంది. 'గాలికి'ని 'గాలికీ' అని దీర్ఘం తీస్తే మాత్రం భగణం రగణంగా మారుతుంది, రెండూ ఇంద్రగణాలే కాబట్టి ఏ నియమమూ దాన్ని పసిగట్టలేదు. ఛందస్సు చాలా తప్పులను పట్టిస్తుంది, అన్నిటినీ కాదు. తప్పు ఉన్నదని చెప్పినా, ఒప్పు ఏదో తేల్చడానికి అర్థాన్నీ వ్యాకరణాన్నీ తెలిసిన మనిషి కావాలి. తాళపత్రాలను పరిష్కరించే పండితులు గణభంగం, యతిభంగం కనిపించిన చోట పాఠాన్ని అనుమానించడానికీ, శిథిలమైన శాసనపద్యాల్లో పోయిన అక్షరాలను ఊహించేటప్పుడు గణాన్నీ ప్రాసనూ ఆధారం చేసుకోవడానికీ ఇదే కారణం.

కుర్క్యాల రాతికీ ఇందూరు గోడకూ మధ్య వెయ్యేళ్ళ దూరమున్నా, రెండు చోట్లా పద్యం ఎదుర్కొన్న ప్రమాదం ఒకటే. రాయి ఎండకూ వానకూ అరుగుతుంది, బొగ్గు వ్రాత ఒక్క తుడుపుతో పోతుంది. గోడ మీది పద్యం కాగితం లేనిచోట నోటినుంచి నోటికి ప్రయాణించవలసి వచ్చినప్పుడు, యతి తరువాతి మాటను గుర్తుచేస్తూ, గణం జారిపోయిన అక్షరాన్ని పట్టిస్తూ దానికి తోడు నిలిచాయి. నియమం కవి స్వేచ్ఛను కుదిస్తుందన్నది నిజమే అయినా, ఆ కుదింపే జ్ఞాపకానికి బలమైందన్నదీ అంతే నిజం. కోట్ల ఆకృతులను మిగిల్చిన నియమం కవికి చోటు లేకుండా చేసిందని అనడం లెక్కకు నిలవదు.

తెలుగు వాచకంలో గణవిభజన ఉన్నది, గణిత వాచకంలో ఘాతాంకాలూ సంభావ్యతా ఉన్నాయి. వాటిని వేర్వేరు పీరియడ్లలో, వేర్వేరు ఉపాధ్యాయులు, ఒకదానితో ఒకదానికి సంబంధం లేనట్టు బోధిస్తున్నారు. పద్యం ఇస్తే ఛందస్సును గుర్తించే కంప్యూటర్ ఉపకరణాలు తెలుగులో వచ్చిన ఈ కాలంలో, నిజామాబాద్, బోధన్ పాఠశాలల్లో తెలుగు ఉపాధ్యాయుడూ గణిత ఉపాధ్యాయుడూ ఒక్క పీరియడు కలిసి నిలబడి, తమ ఊళ్ళ పేర్లకు గురులఘువులు గుర్తింపజేసి, వాటి ప్రస్తారసంఖ్యలు కట్టించగలిగితే, విద్యార్థి ద్విసంఖ్యామానాన్నీ, సంయోజన గణితాన్నీ, పోదన వారసత్వాన్నీ ఏకకాలంలో అందుకుంటాడు. ఆ పని వెంటనే మొదలుకావాలి, దానికి సుద్దముక్క, నల్లబల్ల తప్ప మరే ఖర్చూ అక్కరలేదు.